నిడుపు వంటయిండ్లు

రాజులు కట్టించిన కోటలకు చరిత్ర గలదు. ఆలయములకు స్థలపురాణములు గలవు. చెరువులకు శాసనములు గలవు. దినమునకు రెండుపూటలు మనలను బ్రతికించుచున్న వంటయింటికి మాత్రము చరిత్ర వ్రాసినవారు మిక్కిలి యరుదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' మన పూర్వుల తిండిని, ఉడుపులను, ఆటపాటలను విచారించి యొక త్రోవ చూపినది. ఆ తిండి వండిన గది యెట్టిది, దానిలో పొగ యెటు పోయెడిది, నీరెంత దూరమునుండి వచ్చెడిది అను ప్రశ్నలు తరువాతివారికి మిగిలినవి. అందులో నొక చిన్న భాగమును మాత్రమే యిచ్చట గైకొనుచున్నాను. నిడుపై, ఇరుకై, రైలుపెట్టెవలె నుండు వంటయిల్లు మన యూళ్ళలో నెట్లు పుట్టినది? దానిని బాగుచేయదలచినవారు మొదట ముట్టవలసినదేది? ఇవియే నా ప్రశ్నలు.

రెంజల్ మండలము నిజామాబాదు జిల్లాలో వాయవ్యపుకొన. కందకుర్తికడ మంజీర, హరిద్ర వచ్చి గోదావరిలో కలియును. గోదావరి తెలంగాణమున నడుగుపెట్టునది అచ్చటనే. ఈ ప్రాంతపు పాతయిండ్లను వీథిలోనుండి చూచినచో ముందర నరుగు, పెద్ద దర్వాజ, సాయబాను కన్నులపండువుగా నుండును. అది దాటి నడిమి అర్ర, దేవుని అర్ర గడచిన పిమ్మట, పగటివేళనైనను కన్ను కొంతసేపు చీకటి కలవాటుపడినగాని కనబడనిది వంటర్ర. దాని కావల పెరడు. ఇంటివారందరు పెరటికి పోవలెనన్న వంటచేయునామె ప్రక్కగా, ఒక్కొక్కప్పుడు ఆమెకును పొయ్యికిని నడుమగా పోవలసినదే.

ఈ యాకారము వంటచేయు స్త్రీ కోరినందున రాలేదు. పాతయింటి గది వెడల్పును నిర్ణయించినది దూలము. మట్టిమిద్దెలయందు గోడనుండి గోడకు దూలములు వేసి, వానిమీద దంతెలు పరచి, ఆపై మన్ను పోసి త్రొక్కుదురు. ఆ మంటిబరువు సామాన్యమైనది కాదు. వానకు తడిసినప్పుడు మరింత హెచ్చును. దూలము పొడవైనకొలది నడుమ వంగును. కావున లావైన టేకుదూలములను కొనగలిగినవారు తప్ప తక్కినవారు గోడలను ఏడెనిమిది యడుగులకు మించి యెడముగా కట్ట సాహసింపరైరి. మంచి దూలమొకటి లభించినను అది ముందరి సాయబానునకు పోయెడిది గాని వంటయింటికి వచ్చెడిది కాదు. పొడవున కిట్టి నిర్బంధము లేదు. దూలము ప్రక్క దూలము చేర్చుకొనుచు పోయినచో గది యెంతైనను సాగును.

దూలము చేసిన పనిని పంపకములు పూర్తిచేసినవి. అన్నదమ్ములు వేరుపడునపుడు ప్రతివానికిని వీథివైపొక ద్వారము, పెరటివైపొక ద్వారము కావలెను. అందుచే ఇల్లు అడ్డముగా తెగదు, నిలువుగా తెగును. పదునాలుగడుగుల వెడల్పుగల వంటయిల్లు నడుమ గోడ లేచి రెండు ఏడడుగుల వంటయిండ్లగును. ఆ గోడ పెట్టునప్పుడు కిటికీ యెవరి వాటాకు వచ్చినదని పెద్దమనుష్యులు విచారించిన దాఖలా నేను వినలేదు. బావి నీటిహక్కు కాగితమున నెక్కును, చెట్టుకాయల హక్కెక్కును, వెలుతురు ఎక్కదు.

ఇచ్చట నొకమాట చెప్పవలెను. ఈ చీకటి నిడుపు వంటయిల్లు ఊరందరిదియు కాదు. ఒక్క గది గుడిసెలో నుండు కూలివాని భార్య పొయ్యి తరచుగా వాకిట నుండును. వానకాలమున మాత్రమే అది లోపలికి వచ్చును. ఆమె కష్టములు వేరు. కాని యేడాదిలో నెక్కువభాగము ఆమె గాలిలో వండుకొన్నది. భాగ్యవంతుని యిల్లాలు గోడలచాటున పొగలో వండినది. ఇల్లు పెద్దదైనకొలది పొయ్యి లోనికి పోయినది. మర్యాద పెరిగినకొలది కిటికీ చిన్నదైనది. మడికి మైల తగులరాదు, అన్నముపై పరాయివాని దృష్టి పడరాదు అను నియమములు గోడకు కన్నము లేకుండ చేసినవి.

శాస్త్రములే యిట్లు చెప్పినవని కొందరందురు. శాస్త్రములు చెప్పినదేమో చూతము. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో దేవగృహ మీశాన్యమున, మహానసము ఆగ్నేయమున నుండవలెనని కలదు. పాత్రసామగ్రికి నైరృతి, ధనధాన్యములకు వాయవ్యము. మహానసమనగా వంటయిల్లు. ఆగ్నేయమున నుంచుమన్నాడు గాని కిటికీలు మూయుమనలేదు. నేటి వాస్తుపండితులు మూలను పట్టుకొని గాలిని విడిచినారు. ఇంటికాగ్నేయమని చెప్పిన మాటను గదికాగ్నేయమని, అటుపిమ్మట గట్టుకాగ్నేయమని సాగదీసి, పొయ్యిని వెలుతురు లేని మూలకు త్రోసినవారును గలరు.

సుశ్రుతసంహిత కల్పస్థానపు మొదటి యధ్యాయమున రాజుగారి మహానసము వర్ణింపబడినది. అది విశాలముగా, శుచిగా, శుభ్రమైన పాత్రలతో నుండవలెను. జాలకములతోను, అనేక గవాక్షములతోను నుండవలెను. నమ్మదగినవారే అందు మసలవలెను. వారందరిపైని వైద్యుడు కన్నువేసి యుండవలెను. ఎందులకనగా రాజునకు విషప్రయోగము జరుగునేమోయను భయము! రాజు ప్రాణమునకు ముప్పు గలదన్నప్పుడు వంటయింటికి గవాక్షములు కావలసివచ్చినవి. వండునామె కన్నులకు, ఊపిరికి దినదినము కలుగు ముప్పు విషముగా నెవ్వరికిని తోచలేదు.

తార్కికులు మరియు చిత్రమైనవారు. కొండమీద పొగ కనబడుచున్నది గాన అచ్చట నిప్పు గలదని యూహించుటకు వారు చూపు దృష్టాంతము వంటయిల్లే. పదునేడవ శతాబ్దమున అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము చదివిన ప్రతి బాలునికిని మహానసము సపక్షమని, మడుగు విపక్షమని కంఠస్థముగా వచ్చును. పొగయున్నచోట నిప్పుండుననుటకు సందేహములేని సాక్ష్యము వంటయిల్లు! నేనును ఆ పాఠమును చదివినవాడనే, చెప్పినవాడనే. తరతరముల విద్యార్థులు వంటయింటి పొగను హేతువుగా వల్లించిరి. ఆ పొగ యచ్చట నేల నిలిచియున్నదని యెవ్వరును హేతువు విచారింపలేదు. కవులు కొంత నయము. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని వర్షాకాలవర్ణనమున, నిప్పు దొరకుటయే కష్టమై, దొరికినది రాజుకొనక, తడికట్టెల పొగలో ఇల్లాండ్రు పడు పాట్లను, వేళదప్పిన భోజనములను చిత్రించెను. చక్రవర్తియైనవాడు వంటయింటి తొంగిచూచి తడికట్టెను గమనించుట గొప్పమాటయే. అయినను ఆ చూపు నవ్వుతో నిలిచిపోయినది.

ఇంతకును పొగను వెలుపలికి పంపు విద్య మనకు తెలియనిది కాదు. ఈ ప్రాంతమునకే వత్తము. మంజీరనదిపై నిజాంసాగరము 1923లో ప్రారంభమై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు దాని యింజనీరు. కాలువ వచ్చినవెంట చెరకు వచ్చినది. 1937లో బోధను ప్రక్కన శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఒకప్పుడది ఆసియాఖండమందలి పెద్ద చక్కెర కర్మాగారములలో నొకటి, 2015లో మూతపడినది. చెరకును పిండగా మిగిలిన పిప్పినే కాల్చి బాయిలరులకు ఆవిరి పుట్టించుట చక్కెర కర్మాగారముల పద్ధతి. పిప్పి చక్కగా మండవలెనన్న గాలి లాగు గొట్టము కావలెను. ఎత్తైన గొట్టములో వేడిగాలి పైకెగయుచుండగా క్రిందినుండి క్రొత్తగాలి పొయ్యిలోనికి చొచ్చును. ఈ సూత్రము నెఱిగియే కర్మాగారములకు పొగగొట్టములు నిలుపుదురు. చెరకుబండ్లు తోలుకొనిపోయి ఆ గొట్టమును తలయెత్తి చూచి, తూకపుచీటి జేబులో వేసికొని యింటికి వచ్చిన రైతునకు, తన వంటర్రలో నొక జానెడు గొట్టమైనను లేదని తోచియుండదు. చెరకుతోబాటు కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండి వ్యవసాయదారులు వచ్చి కాలువలవెంట 'క్యాంపు'లు వేసికొనిరి. క్రొత్త పంట, క్రొత్త రూకలు, క్రొత్త యిండ్లు వచ్చినవి. ముందరి గది పెద్దదైనది. సిమెంటు కప్పు వచ్చి దూలపు నిర్బంధము తొలగినది. వంటయిల్లు మాత్రము అలవాటుచొప్పున వెనుకప్రక్క నిడుపుగానే మిగిలినది. కారణము పోయినను కార్యము నిలిచినది. తార్కికులు దీనికేమందురో!

నిజాంసాగరపు గోడ లేచుచున్న ఆ సంవత్సరములలోనే జర్మనీదేశమున వేరొక పని జరుగుచుండెను. మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఇండ్లకొరత యధికమై, ఎర్నెస్టు మే అను వాస్తుశిల్పి ఆధ్వర్యవమున వేలకొలది గృహములు కట్టబడినవి. వానికొరకు 1926లో మార్గరెటె లిహోట్స్కీ అను స్త్రీ యొక వంటయింటిని రూపించెను. దాని కొలతలు చదివి మన పాఠకులు ఆశ్చర్యపడుదురు. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అనగా వెడల్పు ఆరడుగుల పైచిల్లర మాత్రమే! మనము ఇరుకని నిందించు వంటర్రకంటె నిది యిరుకు. ఇట్టివి పదివేల వరకు నిర్మింపబడి, నేటి యూరోపు వంటయిండ్లన్నింటికిని మాతృకలైనవి.

ఆమె యేల యంత యిరుకుగా కట్టినది? చోటు లేకకాదు, చోటును కొలిచినందున. రైలుబండిలోని భోజనశాలకు చేరియుండు వంటగది మిక్కిలి సన్ననిది; అయినను అందు గంటలో నెందరికో భోజనము సిద్ధమగును. వంటవాడు నిలిచినచోటనుండి చేయిచాచిన ఒకప్రక్క పొయ్యి, వెనుకకు తిరిగిన గిన్నెలు. ఆమె దీనిని ఆదర్శముగా గైకొన్నది. ఈ తలపునకు ముందువారును గలరు. అమెరికాలో కాథరిన్ బీచర్ 1869లో తన సోదరితో కలిసి ప్రకటించిన గృహనిర్వాహ గ్రంథమున పొగయోడలోని వంటగదిని ఉదాహరించి, ఇన్నూరుమందికి వండువాడు ఒకటి రెండడుగులలో సర్వమును అందుకొనగలుగుచుండగా ఇంటి యిల్లాలు గదిగదికి తిరుగనేల యని ప్రశ్నించెను. 1912లో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను నామె, కర్మాగారములలో కూలివాని కదలికలను గడియారముతో కొలుచు టేలరు పద్ధతిని వంటయింటికి తెచ్చి, ఏ పాత్ర యెచ్చటనున్న నెన్నియడుగులు మిగులునో లెక్కవేసెను. ఆమె గ్రంథము జర్మనుభాషలోనికి వచ్చి లిహోట్స్కీ చేతికందినది.

ఇంకొక విశేషము. తాను ఆ వంటయింటిని రూపించునాటికి వంటచేసి యెఱుగనని లిహోట్స్కీ తరువాత చెప్పుకొన్నది! వంట రానివారు వంటయిల్లు కట్టుట మనకును క్రొత్తకాదు. భేదమేమనగా ఆమె కొలిచినది, మన మేస్త్రీ కొలువలేదు. ఆమె హిట్లరు ప్రభుత్వము నెదిరించి 1941 మొదలు 1945 వరకు చెరసాలలో నుండి, నూరేండ్లు దాటి జీవించి 2000 సంవత్సరమున మరణించెను.

ఫ్రాంక్‌ఫర్టు వంటయింటిలో లోపములు లేకపోలేదు. ఒక్కరు తప్ప ఇద్దరు నిలువ చోటు చాలదు. పిల్లలు తల్లిచెంత ఆడుకొన వీలులేదు. ఇంటిలో ఇతరులు వంటలో చేయికలుపుటకు ఆ కొలత యడ్డుపడినది. వంట ఇల్లాలి యొక్కర్తెదే యను భావమును సిమెంటుతో స్థిరపరచినదని పిమ్మటి స్త్రీలు విమర్శించిరి. ఆ విమర్శ న్యాయమైనదే. అయినను మన ప్రశ్నకు సమాధానము దానియందే కలదు. నిడుపును, ఇరుకును దోషములు కావు. ఏడడుగుల వెడల్పు వంటకు చాలును. దోషమంతయు లోపలి వరుసలో నున్నది: పొగ పోవు దారిలో, నీరు వచ్చు దారిలో, మనుష్యులు నడచు దారిలో. గోడ పగులగొట్టి వెడల్పు చేయుటకు డబ్బు లేదని వంటయింటిని అట్లే విడిచిపెట్టిన గృహస్థులు ఈ సంగతిని గమనింతురుగాక.

పొగదారిని గూర్చి హైదరాబాదు రాష్ట్రముననే యొక మంచి ప్రయత్నము జరిగినది. దానిని మన జిల్లాలలోనే పలువురు మరచిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగలేని మట్టిపొయ్యి నొకదానిని రూపించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అను చిన్న పుస్తకమును ప్రకటించిరి. కోట్లకొలది జనులకు పొగలేని వంటయిండ్లు అని దాని భావము. ఒక్కచోట మంటపెట్టినచో ఆ వేడి లోపలి సొరంగమువెంట వరుసగా కుండలను కాచుచు పోయి, కడపట గొట్టముద్వారా పొగ కప్పుమీదికి పోవును. ఇనుము అక్కరలేదు, మన్ను, చేయి చాలును. కర్మాగారపు గొట్టమున నున్న సూత్రమే యిది. దానిని మట్టితో ఇల్లాలి పొయ్యికి దించుటకు ఒక ప్రభుత్వ పరిశోధనశాల కావలసివచ్చినది. ఆ పొయ్యి హైదరాబాదు పేర దేశమంతట ప్రసిద్ధికెక్కినది. వార్ధాలోని మగన్‌వాడిలో గాంధేయులును ఇట్టి పొయ్యినే తయారుచేసిరి. 1983లో కేంద్రప్రభుత్వము మెరుగుపొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించి 2002 వరకు నడిపినది.

ఇంత మంచి పొయ్యి ప్రతి యింట నేల నిలువలేదు? నాకు తోచిన కారణములు చెప్పెదను. గొట్టములో మసి పేరుకొనును. దానిని నెలకొకసారి దులుపవలెను. కప్పెక్కి దులుపుట మగవాని పని, పొగ మింగుట ఆడుదాని పని. కనుక దులుపబడలేదు. కుండ పొయ్యికంటికి సరిగా నతుకవలెను. చిన్నగంజు పెట్టిన సందులనుండి పొగ మరల లోనికే వచ్చును. పైగా మన ప్రాంతపు తిండి జొన్నరొట్టె. వెడల్పైన పెనముక్రింద మంట పరచుకొనవలెను. పెనముమీదినుండి తీసిన రొట్టెను నిప్పుసెగకు నిలిపి కాల్చవలెను. మూసిన సొరంగపు పొయ్యిలో ఆ సెగ దొరకదు. అన్నముకుండను దృష్టిలో నుంచుకొని చేసిన యంత్రము రొట్టె చేయు నింట పనికిరాకపోవుట వింతకాదు. వండునామెను అడిగియుండిన తొలినాడే యీ చిక్కు బయటపడెడిది.

పొగ హాని కొంచెము కాదు. ఇండ్లలోని పొగవలన ప్రపంచమున 2020వ సంవత్సరమున 32 లక్షలమంది అకాలమరణము పాలైరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. ఊపిరితిత్తుల జబ్బులు, గుండెజబ్బు, పక్షవాతము, పసిపిల్లల న్యుమోనియా దాని పరివారము. ఇది విని మనవారు, మా అవ్వ తొంబదియేండ్లు పొగలో వండినది, ఏమైనదని యందురు. బ్రతికిన అవ్వ కనబడును, పోయినవారు కనబడరు.

పొయ్యి చేయలేని పని కొంతవరకు గ్యాసు చేసినది. 1955లో బర్మాషెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాసును ప్రవేశపెట్టెను. ఇండేన్ 1965లో కలకత్తాలో మొదలైనది. పల్లెలకది వచ్చుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది: ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపము పథకము, దేశమంతటికి 2016లో ఉజ్జ్వల పథకము. సిలిండరుతోబాటు వంటయింటి రూపమే మారినది. పొయ్యి సిలిండరుకంటె ఎత్తున నుండవలెనను నియమమువలన నేలమీది పొయ్యి గట్టుమీది కెక్కినది. పీటవేసి కూర్చుండి వండిన స్త్రీ నిలుచుండి వండసాగెను. వేలయేండ్ల యాసనము ఒక్క తరములో మారుట సామాన్యమైన సంగతి కాదు. దీనిని చరిత్రకారులు గమనింపలేదు. కత్తిపీట పోయి చాకు వచ్చినది. ఉట్టి పోయి బీరువా వచ్చినది. మోకాళ్ళనొప్పికి బదులు నడుమునొప్పి వచ్చినది.

పొగ తగ్గినదిగదా యని కిటికీని మరచుట వేరొక ప్రమాదము. పొగ తేలికయై పైకిపోవును. దానికి కప్పుక్రింద కన్నము కావలెను. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీద నీటివలె పరచుకొనును. దానికి గోడయడుగున జాలీ కావలెను. తలుపుక్రింది సందులు మూసి, అద్దపు కిటికీలు బిగించి, నునుపుగా సింగారించిన క్రొత్త వంటయిండ్లను చూచినప్పుడు నాకు పాత మిద్దెయింటి గాలికంతయే మేలనిపించును. నూనె కాగునప్పటి ఆవిరికి, పోపుఘాటుకు కూడ పై కన్నము కావలసినదే.

రెంజల్‌లో ఒక మిత్రుని పాతయింటి వంటర్రను బాగుచేయు సందర్భమున నేను టేపుతో కొలిచితిని. పొడవు 21 అడుగులు, వెడల్పు 7. తూర్పుకొన పొయ్యి, పడమటికొన నీటిగోలెము, మోరి. రెంటికి నడుమ 18 అడుగులు. నిప్పునకు నీటికి పొత్తు పొసగదని పెద్దలట్లు పెట్టిరట. దినమునకు నలుబదిమారులు నీటికి పోయివచ్చినదని యనుకొందము. నలుగురైదుగురున్న యింట నది యెక్కువ లెక్క కాదు. పోనురాను 36 అడుగులు, దినమునకు 1440, ఏడాదికి 5 లక్షల 25 వేల పైచిలుకు అడుగులు, అనగా 160 కిలోమీటర్లు. ఆ యిల్లాలు ఏటేట ఇంచుమించు నిజామాబాదునుండి హైదరాబాదు వరకు చేతగిన్నెతో నడచుచున్నది, ఏడడుగుల గదిలోనుండి వెలుపలికి రాకుండ. ఈ లెక్క చెప్పగా ఇంటి పెద్దాయన నవ్వి, నడక ఆరోగ్యమునకు మంచిదేగదా యనెను. ఆమె నవ్వలేదు.

బాగుచేసిన తీరిది. గోడ లొకటియు పడగొట్టలేదు. ఇరువదియొక్క యడుగులలో నడిమి పదియడుగులను మాత్రము వంటకు కేటాయించి, ఒక్క గోడవెంబడి రెండడుగుల వెడల్పున కడపరాతి గట్టు వేయించితిమి. ఎదుటిగోడకు అడుగు వెడల్పున అరలు. నడుమ నాలుగడుగులు మిగిలినవి. గట్టుకడ నొకరు పనిచేయుచుండగా వెనుక నింకొకరు పెరటికి పోవచ్చును. రెండుప్రక్కలను గట్టులు వేయుమని కొందరు చెప్పిరి. ఎనిమిదడుగుల వెడల్పున్నచో నది యుచితమే. ఏడింట వేసిన నడక మూడడుగులై, పొయ్యిముందరి మనిషిని ప్రతివారును రాచుకొనిపోదురు. గట్టుమీది వరుస వంట నడచు వరుస: పెరటిదిక్కున కడుగు తొట్టి, దానిప్రక్క తరుగుటకు మూడున్నర యడుగుల ఖాళీ, ఆపైన పొయ్యి, ఆపైన దించిన గిన్నె పెట్టుటకు చోటు, అటుపిమ్మట భోజనముల గది ద్వారము. పడమటికొనను బియ్యపు డబ్బాలు, జొన్నల బస్తాలు. నల్లానీరు వచ్చి యేండ్లైనను ఆ నల్లాను పూర్వము గోలెమున్న మూలనే బిగించియుండిరి. మోయవలసిన కాలపు దూరము మోయనక్కరలేని కాలమున గూడ నిలిచియుండెను. ఇరువదియడుగుల గొట్టముతో నది తీరినది. వెలుతురునకు గది కొనలందలి కిటికీలు చాలవు, నడుమ చీకటి మిగులును. మిద్దె గనుక కప్పున నొక చదరపుటడుగు తెఱచి, వాననీరు దిగకుండ అంచు లేవనెత్తి మందపు గాజుబండ పరపించితిమి. పెంకుటింట ఒక వరుస అద్దపుపెంకులు వేసిన చాలును. పొయ్యికి నేరుగా పైన, కప్పుక్రింద, గాలిలాగు పంకకు కన్నము. గోడయడుగున సిలిండరుకడ జాలీ. ఆగ్నేయపు మూలనుండి పొయ్యి ఆరడుగులు జరిగినది. పెద్దాయన పంచాంగము చూపించుకొని వచ్చెను. ఇంటి కాగ్నేయభాగముననే యున్నదిగదా యని వారే సమాధానపడిరి. వరాహమిహిరునికి నేను మనసున నమస్కరించితిని.

మిగిలినది గట్టు ఎత్తు. మేస్త్రీ యందరికిని వేయునట్లే 34 అంగుళములకు దారము కట్టెను. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. ఆ యెత్తువారికి తరుగుటకు 33 అంగుళములు సరిపోవును. కాని పొయ్యి తానే కొంత ఎత్తు. దానిమీద గంజు మరికొంత. 34 అంగుళముల గట్టుమీద పప్పుగుత్తి త్రిప్పవలెనన్న భుజము పైకెత్తవలెను. ఆ యిల్లాలు ఎత్తున ఐదడుగులకు లోబడినది. ఆమె వచ్చి, పొయ్యియున్న భాగమును దించుమని యడిగెను. గట్టు ఒక్కమట్టముగా నుండనిచో చూపునకు బాగుండదని మేస్త్రీ యనెను; చూచుటకు వచ్చువారెవరును దానిమీద వండరని ఆమె యనెను. సిలిండరు రెండడుగులకు పైగా ఎత్తుండును గనుక 30 అంగుళములకు దిగువ వేయుటకు వీలులేకపోయెను. మేస్త్రీ ఆమెను గోడప్రక్క నిలువుమని, మోచేతికడ బొగ్గుతో గీత గీసి, అచ్చటనుండి క్రిందికి కొలుచుకొని, దారము విప్పి రెండు మట్టములుగా మరల కట్టెను.